లింక్ ఫైళ్లలోని తలుపులు, కాలమ్‌లు, గదులకు రెవిట్‌లో ట్యాగ్‌లు పెట్టే పద్ధతి

ఒక మోస్తరు పెద్ద అపార్ట్‌మెంట్‌ను రెవిట్‌లో, అంటే భవనాలను త్రీడీ మోడల్‌గా తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో చేస్తే ఫైల్ ఒక్కటే ఉండదు. విశాఖలో మధురవాడ కొండవాలులో రెండు టవర్లు, కింద పార్కింగ్ ఉన్న ప్రాజెక్టు అనుకోండి. గోడలు, తలుపులు, కిటికీలు ఆర్కిటెక్ట్ ఫైల్లో ఉంటాయి. కాలమ్‌లు, బీమ్‌లు స్ట్రక్చరల్ కన్సల్టెంట్ ఫైల్లో, పైపులు, కేబుల్ ట్రేలు సర్వీసెస్ వాళ్ల ఫైల్లో ఉంటాయి. వీటన్నిటినీ లింక్ చేసుకుని షీట్లు తీసే ఫైల్ ఇంకొకటి. ఆ చివరి ఫైల్‌ను ఈ వ్యాసమంతా హోస్ట్ అంటాను, మిగతావి లింక్‌లు.

ట్యాగ్ అంటే డ్రాయింగులో వస్తువు పక్కన దాని నంబరో పేరో చూపించే చిన్న చీటీ. దాన్ని పెట్టడం చూడ్డానికి రెండు క్లిక్కుల పని. అవతలి ఫైల్లో ఉన్న తలుపు మీద కర్సర్ పెడితే అది వెలుగుతుంది, క్లిక్ చేస్తే ట్యాగ్ వచ్చేస్తుంది. కానీ ఆ ట్యాగ్ మీ ఫైల్లో ఉంటుంది, అందులో కనిపించే నంబర్ మాత్రం అవతలి ఫైల్లో ఉంటుంది. సొంత ఫైల్లోని తలుపైతే ట్యాగ్ మీద క్లిక్ చేసి నంబర్ మార్చేయొచ్చు. లింక్‌లో ఉన్న తలుపుకు అది కుదరదు. నంబర్ తప్పుగా ఉంటే ఆ ఫైల్ ఎవరిదో వాళ్లే తెరిచి మార్చాలి, సేవ్ చేయాలి, మీరు రీలోడ్ చేసుకోవాలి. లింక్ ఫైళ్ల ట్యాగ్‌లలో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే. అందుకే మౌస్ పట్టుకునే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఏ నంబర్‌కు ఎవరు బాధ్యులు?

ముందుగా తేల్చుకోవాల్సినవి

తెల్లకాగితం తీసుకుని ట్యాగ్ పెట్టాల్సిన వస్తువుల పేర్లు ఒక వరుసలో రాయండి: తలుపులు, కిటికీలు, గోడలు, గదులు, కాలమ్‌లు, బీమ్‌లు, డక్ట్‌లు, ఫిక్చర్లు. ఒక్కోదాని పక్కన మూడు విషయాలు రాయండి. ఆ వస్తువు ఏ ఫైల్లో ఉంది? ట్యాగ్‌లో కనిపించాల్సిన విలువ ఏది? ఆ విలువను ఎవరు నింపుతారు? ప్రాజెక్టు మొదలయ్యే రోజున కన్సల్టెంట్లందరితో కూర్చుని ఈ కాగితాన్ని ఖాయం చేసుకుంటే తర్వాత ఫోన్ల మీద ఫోన్లు చేసుకోవాల్సిన పని ఉండదు.

రెండో ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. రెవిట్‌లో మార్క్ అనేది ఒక్కో వస్తువుకు విడిగా ఉండే నంబర్. టైప్ మార్క్ అనేది ఆ రకానికంతటికీ కలిపి ఉండేది. రెవిట్‌తో పాటు వచ్చే తలుపు ట్యాగ్ మార్క్‌ను చూపిస్తుంది, కిటికీ ట్యాగ్ టైప్ మార్క్‌ను చూపిస్తుంది. మన సైట్లలో వడ్రంగి మేస్త్రీకి గాని, అల్యూమినియం ఫ్యాబ్రికేటర్‌కు గాని కావాల్సింది డి1, డి2, డబ్ల్యూ3 లాంటి రకం నంబర్లే. వాళ్లు రకాన్ని బట్టి కొలత చూసి తయారు చేస్తారు. అలాంటప్పుడు తలుపు ట్యాగ్‌ను ఉన్నది ఉన్నట్టు వాడితే షీట్ మీద 1, 2, 3 అంటూ రెవిట్ తనంతట తాను ఇచ్చుకున్న వరుస నంబర్లు పడతాయి. ట్యాగ్ ఫ్యామిలీని, అంటే ఆ ట్యాగ్ నమూనా ఫైల్‌ను ఎడిట్ చేసి, లేబుల్‌లో మార్క్ తీసేసి టైప్ మార్క్ పెట్టుకోండి.

హోటల్, ఆస్పత్రి లాంటి వాటి సంగతి వేరు. అక్కడ ప్రతి తలుపుకూ తాళం, క్లోజర్, యాక్సెస్ కార్డ్ వేరు వేరుగా ఉంటాయి కాబట్టి ఒక్కో తలుపుకు ఒక్కో నంబర్ ఉండి తీరాలి. అక్కడ మార్కే సరైనది.

లింక్ చేసేటప్పుడే చూసుకోవాల్సినవి

అందరూ ఒకే రెవిట్ వెర్షన్‌లో ఉండాలి. మీకన్నా కొత్త వెర్షన్‌లో చేసిన ఫైల్ మీ దగ్గర తెరుచుకోదు. పాత వెర్షన్ ఫైల్‌ను లింక్ చేస్తే, లోడ్ అయిన ప్రతిసారీ రెవిట్ దాన్ని మీ వెర్షన్‌కు మార్చుకుంటుంది. ఆ ఆలస్యం రోజూ భరించాలి.

ఇన్సర్ట్ ట్యాబ్‌లో లింక్ రెవిట్ నొక్కి ఫైల్ ఎంచుకునేటప్పుడు పొజిషనింగ్ దగ్గర షేర్డ్ కోఆర్డినేట్స్ (ఫైళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే స్థాన లెక్క) పెట్టండి. అయితే ముందే ఎవరో ఒకరు కోఆర్డినేట్లు ఖాయం చేసి మిగతావాళ్లకు ఇచ్చి ఉండాలి. ఎత్తుపల్లాల సైట్లలో, అంటే విశాఖలో సముద్రానికీ కొండలకీ మధ్య ఉన్న చాలా ప్లాట్లలో, ఈ ఖాయం చేసుకోవడం సర్వే షీట్ చేతికి వచ్చిన రోజునే జరగాలి.

లింక్ పెట్టాక మేనేజ్ లింక్స్ తెరిచి రెండు గడులు చూడండి. పాత్ టైప్ దగ్గర రెలెటివ్ ఉంటే ఫోల్డర్ మొత్తాన్ని ఇంకో సర్వర్‌కు మార్చినా లింక్‌లు తెగవు. రిఫరెన్స్ టైప్ దగ్గర ఓవర్‌లే, అటాచ్‌మెంట్ అని రెండుంటాయి. స్ట్రక్చరల్ ఫైల్ ఆర్కిటెక్ట్ ఫైల్‌కు లింకై, ఆర్కిటెక్ట్ ఫైల్ మీ హోస్ట్‌కు లింకై ఉందనుకోండి. అటాచ్‌మెంట్ పెడితే కాలమ్‌లు మీ దాకా వస్తాయి, ఓవర్‌లే పెడితే రావు. కాలమ్‌లకు ట్యాగ్ పెట్టాలంటే అవి కనిపించాలి కదా. అలాగని అన్నిటినీ అటాచ్‌మెంట్ చేస్తే అదే స్ట్రక్చరల్ ఫైల్ రెండు దారుల్లో వచ్చి, ఒక కాలమ్ మీద ఇంకో కాలమ్ కూర్చుంటుంది. మీరు ట్యాగ్ పెట్టింది దేనికో మీకే తెలియదు. నా సలహా: అన్ని ఫైళ్లనూ హోస్ట్‌కు నేరుగా లింక్ చేసుకోండి, మిగతావాళ్లు వాళ్ల ఫైళ్లలో ఒకరినొకరు ఓవర్‌లేగా పెట్టుకోవాలని చెప్పండి.

ట్యాగ్ ఫ్యామిలీ: సముద్రం వైపు కిటికీ ఉదాహరణగా

ఉన్న ట్యాగ్‌లతోనే పని జరిగిపోతే ఈ భాగం వదిలేయొచ్చు. కానీ విశాఖలో కిటికీల విషయంలో టైప్ మార్క్ ఒక్కటే సరిపోని సందర్భాలు ఉంటాయి. గాలి భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ఈ నగరానికి లెక్కించాల్సిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద తీరం దాటినప్పుడు ఎన్ని అద్దాలు పగిలాయో చూసినవాళ్లు ఎవరూ కిటికీని తేలిగ్గా తీసుకోరు. పైగా సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, మామూలు హార్డ్‌వేర్ త్వరగా పాడవుతుంది. ఋషికొండ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న ముఖానికీ, వెనక కొండ వైపు ముఖానికీ ఒకే కొలత కిటికీ పెట్టినా అద్దం మందం, కోటింగ్ వేరు కావచ్చు. ఆ తేడా ప్లాన్ మీద, ఎలివేషన్ మీద ట్యాగ్‌లోనే కనిపిస్తే ఫ్యాబ్రికేటర్ పొరబడడు.

రెవిట్‌లో ఇలాంటి సొంత సమాచారం ట్యాగ్‌లోకి రావాలంటే అది షేర్డ్ పారామీటర్ (వేర్వేరు ఫైళ్లు పంచుకునే సమాచార గడి) అయి ఉండాలి. మామూలు ప్రాజెక్ట్ పారామీటర్ షెడ్యూల్‌లో, అంటే వస్తువుల పట్టికలో వస్తుంది గాని ట్యాగ్‌లో రాదు. పని జరిగే వరుస ఇది:

1. మేనేజ్ ట్యాబ్‌లో షేర్డ్ పారామీటర్స్ తెరిచి, క్రియేట్ నొక్కి ఒక ఫైల్ చేయండి. అది మామూలు టెక్స్ట్ ఫైలే. ప్రాజెక్టులో ఉన్న ఆఫీసులన్నీ తీసుకోగలిగే ఫోల్డర్‌లో పెట్టండి.
2. అందులో ఒక గ్రూప్, ఆ గ్రూప్‌లో ‘కోటింగ్ రకం’ అనే పారామీటర్ చేయండి. రకం టెక్స్ట్.
3. కిటికీలు ఏ ఫైల్లో ఉన్నాయో ఆ ఫైల్‌ను తెరవండి. ప్రాజెక్ట్ పారామీటర్స్‌లో కొత్తది చేర్చేటప్పుడు షేర్డ్ పారామీటర్ ఎంచుకుని, ఇందాక చేసినదాన్ని తీసుకుని, విండోస్ కేటగిరీకి టిక్ పెట్టండి.
4. విలువలు నింపి సేవ్ చేయండి, సెంట్రల్ ఫైలైతే (చాలామంది కలిసి పనిచేసే ఉమ్మడి ఫైలైతే) సింక్ చేయండి.
5. హోస్ట్ ఫైల్లో కిటికీ ట్యాగ్ ఫ్యామిలీని ఎడిట్‌కు తెరిచి, లేబుల్ ఎంచుకుని, ఎడిట్ లేబుల్ నొక్కండి. ఎడమవైపు జాబితా కింద ఉన్న చిన్న గుర్తుతో అదే షేర్డ్ ఫైల్ నుంచి ‘కోటింగ్ రకం’ తెచ్చుకోండి. టైప్ మార్క్ కింది వరుసలో దీన్ని పెట్టి ప్రాజెక్టులోకి లోడ్ చేయండి.
6. మేనేజ్ లింక్స్‌లో ఆ లింక్‌ను రీలోడ్ చేయండి.

మూడో మెట్టులో టైప్ అనాలా, ఇన్‌స్టాన్స్ అనాలా అన్న ప్రశ్న వస్తుంది. ఒకే డబ్ల్యూ3 కిటికీ రెండు ముఖాల మీదా ఉంది కాబట్టి ఇన్‌స్టాన్స్ పెట్టి ఒక్కోదానికి విలువ మార్చడం సులువనిపిస్తుంది. నేనైతే అలా చేయను. డబ్ల్యూ3ను డూప్లికేట్ చేసి సముద్రం వైపుదానికి డబ్ల్యూ3ఎస్ అని వేరే రకం చేస్తాను, పారామీటర్‌ను టైప్‌కు ఇస్తాను. ఫ్యాబ్రికేటర్‌కు ఇవి నిజంగానే రెండు వేరు సరుకులు. మోడల్‌లోనూ రెండుగానే ఉంటే లెక్క తప్పదు.

ఇక్కడ ఒక పెద్ద తిరకాసు ఉంది. పేరు ఒకటే అయినంత మాత్రాన పారామీటర్ ఒకటే కాదు. షేర్డ్ పారామీటర్ చేసిన ప్రతిసారీ రెవిట్ దానికి ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఇస్తుంది. ద్వారకానగర్‌లో ఉన్న మీ ఆఫీసులో ఒకరు ‘కోటింగ్ రకం’ చేశారు, ఫసాడ్ (భవనం బయటి ముఖం) కన్సల్టెంట్ ఆఫీసులో ఇంకొకరు కూడా అక్షరం పొల్లుపోకుండా ‘కోటింగ్ రకం’ అనే చేశారు. రెవిట్‌కు అవి రెండు వేరు వేరు. ట్యాగ్ పడుతుంది, ఆ గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. అవతలి ఫైల్ తెరిచి చూస్తే విలువ కళ్లెదురుగా కనిపిస్తుంది, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. రెండు టెక్స్ట్ ఫైళ్లనూ నోట్‌ప్యాడ్‌లో పక్కపక్కన తెరిచి ఆ పేరున్న వరుస చూడండి. అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి సంఖ్య రెండింట్లో ఒకటేనా కాదా అన్నది వెంటనే తేలిపోతుంది. కాకపోతే ఒక ఆఫీసు తన పారామీటర్‌ను తీసేసి, రెండోవాళ్ల ఫైల్ నుంచి మళ్లీ తెచ్చుకుని విలువలు నింపాల్సిందే. షేర్డ్ పారామీటర్ ఫైల్ ప్రాజెక్టు మొత్తానికి ఒక్కటే ఉండాలనడానికి కారణం ఇదే.

ట్యాగ్‌లు పెట్టడం

అనోటేట్ ట్యాబ్‌లో ట్యాగ్ బై కేటగిరీ తీసుకోండి. కీబోర్డు మీద టీ, జీ వరుసగా నొక్కినా అదే. లింక్‌లోని వస్తువు మీదకు కర్సర్ తెస్తే దాని అంచు వెలుగుతుంది, క్లిక్ చేయండి. ఒకదాని మీద ఒకటి ఉన్నచోట, ఉదాహరణకు ఆర్కిటెక్ట్ వేసిన ప్లాస్టర్ తొడుగు లోపల స్ట్రక్చరల్ కాలమ్ ఉన్నచోట, ముందు పైదే వెలుగుతుంది. ట్యాబ్ కీ నొక్కుతూ పోండి, కాలమ్ వెలిగాక క్లిక్ చేయండి. కింద ఎడమవైపు స్టేటస్ బార్‌లో ఏ వస్తువు వెలిగిందో రాసి ఉంటుంది. దాన్ని చదవడం అలవాటు చేసుకోండి, కళ్లకు కనిపించే అంచును నమ్ముకోవద్దు.

ఫ్లోర్ మొత్తానికి ఒకేసారి పెట్టాలంటే ట్యాగ్ ఆల్ ఉంది. ఆ పెట్టెలో లింక్ ఫైళ్లలోని వస్తువులను కూడా కలుపుకొనే టిక్ ఒకటి ఉంటుంది. అది పెట్టకపోతే మీ ఫైల్లోవాటికే ట్యాగ్‌లు పడతాయి, లింక్‌లోవి అలాగే ఉండిపోతాయి. ట్యాగ్ ఆల్ ఆ వ్యూలో కనిపించేవాటికే పని చేస్తుంది. వ్యూ రేంజ్‌కు (ఆ ప్లాన్‌లో చూపించే ఎత్తు పరిధికి) బయట ఉన్నవాటినీ, దాచేసిన కేటగిరీలనూ ముట్టుకోదు. పైన చెప్పినట్టు కాలమ్‌లు రెండు దారుల్లో వచ్చి ఉంటే రెండింటికీ ట్యాగ్‌లు పడతాయి.

నా పద్ధతి ఏమిటంటే, తలుపులు, కిటికీలు, కాలమ్‌లకు ట్యాగ్ ఆల్ వాడతాను. గోడలకు వాడను. పొడవాటి గోడ ఒక్కటీ నాలుగు గదుల పక్కన సాగుతుంది, రెవిట్ మాత్రం ఒక్క ట్యాగ్ వేసి ఊరుకుంటుంది, అది కూడా చదివేవాడికి అక్కర్లేని చోట. చిన్న చిన్న గోడ ముక్కల మీదేమో ట్యాగ్‌ల గుంపు పడుతుంది. వాటిని సర్దే సమయంలో చేత్తో ఒక్కొక్కటీ పెట్టుకోవచ్చు.

త్రీడీ వ్యూలో ట్యాగ్ కావాలంటే ముందు వ్యూను లాక్ చేయాలి. వ్యూ కంట్రోల్ బార్‌లో చిన్న ఇల్లు, తాళం గుర్తు ఉంటుంది.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని మర్చిపోతుంటారు. స్ట్రక్చరల్ కన్సల్టెంట్ తన ఫైల్లో కాలమ్ లేఅవుట్‌కు అప్పటికే ట్యాగ్‌లు పెట్టుకుని ఉంటే మీరు మళ్లీ పెట్టడం ఎందుకు? వీ, జీ నొక్కి విజిబిలిటీ గ్రాఫిక్స్ తెరిచి, రెవిట్ లింక్స్ ట్యాబ్‌లో ఆ ఫైల్ పక్కన డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో బై లింక్డ్ వ్యూ ఎంచుకుని, ఆయన ప్లాన్ వ్యూ పేరు ఇవ్వండి. ఆయన పెట్టిన ట్యాగ్‌లే మీ షీట్ మీద కనిపిస్తాయి. ఆయన మార్చితే రీలోడ్‌తో ఇక్కడా మారతాయి. మీరు వాటిని జరపలేరు, అదొక్కటే ఇబ్బంది. కాలమ్ లేఅవుట్, ఫౌండేషన్ ప్లాన్ లాంటి వాటికి ఇది చక్కగా పనికొస్తుంది. ఫర్నిచర్, సీలింగ్, కొలతలతో కిక్కిరిసిన వర్కింగ్ డ్రాయింగులో మాత్రం సొంత ట్యాగ్‌లే మేలు, ఎందుకంటే అక్కడ ప్రతి ట్యాగ్‌నూ పక్కకు జరపాల్సి వస్తుంది.

గదులు

గది ట్యాగ్‌కు ఆర్కిటెక్చర్ ట్యాబ్‌లో ట్యాగ్ రూమ్ వాడాలి. లింక్‌లోని గది మీదకు కర్సర్ తెస్తే గది అంచు, అడ్డంగా గీతలు వెలుగుతాయి. వెలగలేదంటే మొదట అనుమానించాల్సింది ఫేజ్‌ను, అంటే నిర్మాణ దశను. లింక్‌లో గదులు న్యూ కన్‌స్ట్రక్షన్ అనే ఫేజ్‌లో ఉండి, మీ ఫైల్లో ఫేజ్‌ల పేర్లు వేరుగా ఉంటే రెండూ కలవవు. లింక్‌ను ఎంచుకుని ఎడిట్ టైప్‌లో ఫేజ్ మ్యాపింగ్ తెరిచి, మీ ఫేజ్‌కు ఎదురుగా వాళ్లది ఏదో చూపించండి. పాత బంగళాలను కూల్చి కొంత ఉంచి కొత్తది కలిపే పనుల్లో, బీచ్ రోడ్డు వైపు, సిరిపురం వైపు అలాంటివి వస్తుంటాయి, ఈ మ్యాపింగ్ మొదటి రోజే చేసి పెట్టుకోవాలి.

గదులను లింక్‌లో కాకుండా హోస్ట్‌లోనే పెట్టుకోవడం ఇంకో మార్గం. లింక్ టైప్ ప్రాపర్టీస్‌లో రూమ్ బౌండింగ్‌కు టిక్ పెడితే అవతలి ఫైల్ గోడలు మీ గదులకు హద్దులవుతాయి. అప్పుడు గది పేరు, నంబర్ మీ చేతిలో ఉంటాయి. దీనికి చెల్లించే ధర ఒకటుంది: లింక్‌లోని తలుపులకు మీ గదులు కనిపించవు. తలుపు ఏ గదిలోంచి ఏ గదిలోకి అన్న సమాచారం అడిగే షెడ్యూల్ ఖాళీగా వస్తుంది.

ఒకే టవర్ ఫైల్‌ను రెండుసార్లు పెట్టినప్పుడు

కాస్త ఆగి చదవాల్సిన భాగం ఇది. ఒకే రకం టవర్లు రెండుంటే ఒక ఫైల్ చేసి దాన్నే రెండుసార్లు లింక్ చేయడం అందరూ చేసేదే. మోడల్ తేలిగ్గా ఉంటుంది, ఒకచోట మార్చితే రెండుచోట్లా మారుతుంది. ట్యాగ్‌ల దగ్గరకొచ్చేసరికి మాత్రం ‘ఏ’ అనే టవర్లో నాలుగో అంతస్తు తలుపు 412 అయితే ‘బీ’ టవర్లోనూ అదే 412. వస్తువు ఒక్కటే కాబట్టి నంబర్ కూడా ఒక్కటే. సైట్ ఇంజనీర్ ఫోన్ చేసి “సార్, 412 షటర్ రెండొచ్చాయి, ఒకటి ఎక్కువ పంపారా?” అని అడిగితే ఆయన తప్పేమీ లేదు.

రకం నంబర్ల మీద నడిచే ప్రాజెక్టుకు ఇది సమస్యే కాదు. డి1 ఏ టవర్లోనైనా డి1. షీట్ పేరులో టవర్ అక్షరం ఉంటే చాలు. ఒక్కో తలుపుకు విడి నంబర్ కావాల్సిందేనంటే టవర్‌కో ఫైల్ ఉండాలి. ఆ నిర్ణయం ట్యాగ్‌లు పెట్టక ముందే తీసుకోవాలి. ఎందుకంటే ఒకే లింక్ రెండుచోట్ల ఉన్నప్పుడు రీలోడ్ ఫ్రమ్ నొక్కి ఫైల్ మార్చితే రెండుచోట్లా మారిపోతుంది. బీ టవర్‌కు కొత్త ఫైల్‌ను విడిగా లింక్ చేసి, పాతదాన్ని అక్కడి నుంచి తీసేయాలి. దాంతో పాటే బీ టవర్ ట్యాగ్‌లన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. గది నంబర్లు మాత్రమే వేరు కావాలంటే, తలుపులు రకం నంబర్లతోనే నడుస్తుంటే, పైన చెప్పిన రూమ్ బౌండింగ్ దారి సరిపోతుంది. ఫైళ్లు పెంచుకోనక్కర్లేదు.

రెండో టవర్‌ను మిర్రర్ చేసి పెట్టినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డ్రాయింగులో తలుపు కుడివైపు తెరుచుకున్నట్టు తిరగబడి కనిపిస్తుంది. లింక్ ఫైల్లో మాత్రం అది ఎడమచేతి తలుపే. ఎడమ, కుడి అన్నది పారామీటర్‌గా నింపి ట్యాగ్‌లో చూపిస్తుంటే, గీత ఒకటి చెబుతుంది, ట్యాగ్ ఇంకొకటి చెబుతుంది. ట్యాగ్ తీసుకెళ్లి వడ్రంగికి ఇస్తే బీ టవర్ తలుపులన్నీ తిరగబడి వస్తాయి. మిర్రర్ చేసిన లింక్ ఉన్న ప్రాజెక్టులో ఎడమ, కుడి వివరాన్ని ట్యాగ్‌లోంచి తీసేయండి, షెడ్యూల్‌లో టవర్ వారీగా చేత్తో సరిచూసి రాయండి.

కొత్త ఫైల్ వచ్చిన రోజున

కన్సల్టెంట్ సవరించిన ఫైల్ పంపినప్పుడు మీ ట్యాగ్‌లు నిలవాలా, రాలిపోవాలా అన్నది ఆయన ఫైల్‌ను ఎలా సవరించాడన్న దాన్ని బట్టి ఉంటుంది. ట్యాగ్ అవతలి వస్తువు ఐడీని పట్టుకుని ఉంటుంది. ఆయన అదే ఫైల్లో అదే కాలమ్‌ను జరిపితే, సైజు మార్చితే ట్యాగ్ నిలుస్తుంది. కాలమ్‌ను తీసేసి అదే చోట కొత్తది గీస్తే కంటికి తేడా కనిపించకపోయినా ఐడీ మారిపోయింది, ట్యాగ్ అనాథ అయిపోయింది. ఇంకా దారుణం ఏమిటంటే, కొందరు కొత్త ఖాళీ ఫైల్‌లోకి అంతా కాపీ పేస్ట్ చేసి పంపుతారు. అప్పుడు ఒక్క ట్యాగ్ కూడా మిగలదు. కన్సల్టెంట్‌తో మొదటి మీటింగ్‌లోనే చెప్పండి: “అదే ఫైల్‌ను సవరించి పంపండి, తీసి గీయకుండా మార్చండి.”

మీ వైపు నుంచి పాటించాల్సిన నియమం: పాత లింక్‌ను ఎన్నడూ రిమూవ్ చేయొద్దు. ఫైల్ పేరు మారితే మేనేజ్ లింక్స్‌లో రీలోడ్ ఫ్రమ్ వాడండి. అన్‌లోడ్ చేసినా పరవాలేదు, ట్యాగ్‌లు కనిపించవంతే, మళ్లీ లోడ్ చేస్తే వస్తాయి. రిమూవ్ చేస్తే మాత్రం పెట్టిన ట్యాగ్‌ల కష్టమంతా పోయినట్టే.

రీలోడ్ అయ్యాక కొలాబరేట్ ట్యాబ్‌లో రీకన్సైల్ హోస్టింగ్ తెరవండి. ఆధారం పోగొట్టుకున్న ట్యాగ్‌ల జాబితా అక్కడ ఉంటుంది. గ్రాఫిక్స్‌లో వాటికి ఎర్రరంగు ఇచ్చుకుంటే వ్యూలో కూడా కనిపిస్తాయి. ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి పిక్ హోస్ట్ ఎంచుకుని కొత్త కాలమ్‌ను చూపించండి, లేదా నిజంగానే ఆ కాలమ్ తీసేసి ఉంటే ట్యాగ్‌ను తీసేయండి. ఈ జాబితా ఖాళీ అయ్యేదాకా ఆ ఫైల్‌తో షీట్ పంపొద్దు.

షెడ్యూల్‌తో సరిచూసుకోవడం

ఒకే ఫైల్లో రెండు తలుపులకు ఒకే మార్క్ ఇస్తే రెవిట్ హెచ్చరిస్తుంది. రెండు వేరు ఫైళ్లలో అలా ఉంటే హెచ్చరించదు. దాన్ని పట్టుకోవడానికి హోస్ట్‌లో ఒక తలుపుల షెడ్యూల్ చేయండి. ఫీల్డ్స్ ట్యాబ్‌లో లింక్‌లలోని వస్తువులను కూడా కలుపుకొనే టిక్ పెట్టండి. మార్క్, టైప్ మార్క్, లెవెల్ తీసుకుని, ఆర్‌వీటీ లింక్స్ నుంచి ఫైల్ పేరు గడి కూడా చేర్చండి. మార్క్ వారీగా వరుస పెడితే ఒకే నంబర్ రెండుసార్లు ఎక్కడుందో, ఏ ఫైల్లోదో కనిపిస్తుంది. ఖాళీ గడులు పైకి వస్తాయి. ప్లాన్ మీద ప్రశ్నార్థకం చూపిస్తున్న ట్యాగ్‌లు చాలావరకు ఈ ఖాళీ గడుల తాలూకువే. ఈ షెడ్యూల్‌లో లింక్‌ల విలువలను మార్చలేరు, చూడగలరంతే. దాన్ని పీడీఎఫ్ చేసి తప్పులున్న వరుసలకు రంగు పూసి ఆయా కన్సల్టెంట్‌కు పంపేయండి. ఫోన్‌లో చెప్పడం కన్నా ఇది నయం, ఎవరు ఏది సరిచేయాలో కాగితం మీద ఉంటుంది.

ట్యాగ్ కనిపించకపోతే

వ్యూ టెంప్లేట్‌లో ఆ ట్యాగ్ కేటగిరీ ఆపేసి ఉందేమో చూడండి, చాలాసార్లు అదే కారణం. లింక్ ఉన్న వర్క్‌సెట్ (ఉమ్మడి ఫైల్లో వస్తువులను విడదీసి పెట్టే విభాగం) మూసి ఉందేమో చూడండి. స్ట్రక్చరల్ డిసిప్లిన్ పెట్టిన వ్యూలో భారం మోయని గోడలు కనిపించవు, వాటి ట్యాగ్‌లూ ఉండవు, కోఆర్డినేషన్‌కు మార్చి చూడండి. ట్యాగ్ పడి అక్షరాలు లేకపోతే షేర్డ్ పారామీటర్ గుర్తింపు సంఖ్య సంగతి పైన చెప్పాను.

డీడబ్ల్యూజీ పంపాల్సి వస్తే

సైట్‌కు పీడీఎఫ్ సరిపోయినా, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) అనుమతికి గాని, రెవిట్ లేని కన్సల్టెంట్‌కు గాని డీడబ్ల్యూజీ, అంటే ఆటోక్యాడ్ ఫైల్ కావాల్సి వస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసి సేవ్ చేసే పెట్టెలో అడుగున, వ్యూలనూ లింక్‌లనూ ఎక్స్‌టర్నల్ రిఫరెన్సులుగా పంపాలా అన్న టిక్ ఉంటుంది. అది ఉన్నప్పుడు లింక్‌లు విడి ఫైళ్లుగా వస్తాయి. వాటిలో ఒక్కటి జత చేయడం మర్చిపోయినా అవతలివాళ్లకు ట్యాగ్‌లు గాలిలో వేలాడుతూ కనిపిస్తాయి, కింద తలుపు ఉండదు. ఆ టిక్ తీసేసి ఒకే ఫైల్‌గా పంపండి. పంపే ముందు మీరే ఆటోక్యాడ్‌లో తెరిచి, ఒక కాలమ్, ఒక తలుపు, ఒక గది ట్యాగ్‌ను దగ్గరగా జూమ్ చేసి చూసుకోండి. తెలుగు ఫాంట్‌తో పారామీటర్ విలువలు నింపి ఉంటే అవతలి కంప్యూటర్లో ఆ ఫాంట్ లేక అక్షరాలు గడులుగా మారొచ్చు, అలాంటప్పుడు డీడబ్ల్యూజీతో పాటు పీడీఎఫ్ కూడా జత చేయండి.